వణికే కాంటా

పోయిన సోమవారం పొద్దున మా నాన్న తమ్ముడు, మా చిన్నబాపు కన్నుమూశాడు. నిజామాబాద్‌లో నా ఆఫీసు షటర్ ఎత్తుతుండగా చిన్నమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, మీ చిన్నబాపు లేడే" అంది. ఛాయ్ తాగి, సాసర్ కింద పెట్టి, అట్లనే ఒరిగిపోయాడట. షటర్ దించేసి బోధన్ బస్సెక్కాను. దారి పొడుగునా ఏడ్చాను. కానీ ఈ నాలుగు మాటలు ఏడుస్తూ రాయడం లేదు. ఆయన గెలిచి పోయిన మనిషి. ఆ గెలుపును నేను పక్కనుండి చూశాను, కాస్త చేయి కూడా వేశాను.

చిన్నబాపు బోధన్ దిక్కున ఒక చక్కెర మిల్లులో కాంటా గుమస్తా. చెరుకు బండిని సరుకుతో సహా నేల మీది ఇనుప పలకల కాంటా ఎక్కిస్తే బరువు కంప్యూటర్ తెర మీద పడుతుంది, ఆయన చీటీ రాసిస్తాడు. ఇంత సులువైన పనిలో ఏళ్ల తరబడి మాటలు పడ్డాడు. చెరుకు తక్కువ తూగిందని ఏ రైతుకు అనుమానం వచ్చినా దొంగ ఆయనే. కిటికీలో ఎప్పుడూ పది తలకాయలు దూరి తెరను చూస్తుండేవి. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, "ఇయ్యాల గూడ దొంగనైన" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు. అన్నం మాత్రం సగమే తినేవాడు.

నా పని, కంప్యూటర్లను కనిపెట్టుకుని ఉండే సాఫ్ట్‌వేర్ పెట్టడం. ఏది ఆగినా అది ఎరుపు చూపించి ఫోన్‌కు కబురు పంపుతుంది. సర్వర్లు, ప్రింటర్లు దానికి ముందే తెలుసు. కాంటా అంటే ఏమిటో తెలియదు. తెలియని వస్తువును కూడా అది చూడాలంటే ఒక చిన్న ప్రోగ్రాం రాసి దానికి తగిలించాలి. దాన్నే ప్లగిన్ అంటారు. మిల్లులో ఆ పని నాకు దొరకగానే, "ఇగ నా కాంటాకు నా బిడ్డనే కావలి" అని చిన్నబాపు వాడంతా చాటింపు వేశాడు.

మొదటి ప్లగిన్ రాసి గొప్పగా చూపించాను. కాంటా బాగుంటే "మంచిగుంది", చెడితే "పరేషాన్ల ఉంది" అని మన మాటల్లోనే పెట్టాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చూసి, తీరిగ్గా వెళ్లి కాంటా వైరు పీకేశాడు. తెర మీద "మంచిగుంది" అలాగే నిలిచింది.

"గిదేందే? పిలిస్తే పలకనోడు మంచిగున్నడా?"

"తప్పేం దొరకలేదు కద చిన్నబాపు, అందుకే అట్ల చూపిస్తున్నది."

"మనోళ్ల అలవాటే దీనికి నేర్పినవ్. ఎట్లున్నవంటే, జొరమొచ్చి పండుకున్నోడు గూడ మంచిగున్న అంటడు. తెల్వకుంటే ఎర్కలేదు అనమను. గట్ల అనుడు తప్పు గాదు."

సిగ్గుపడ్డాను. ప్లగిన్‌కు "ఎర్కలేదు" అనే జవాబు కూడా నేర్పాను. ఇప్పటికీ నేను రాసే ప్రతి ప్లగిన్‌లో మొదట రాసేది ఆ జవాబే.

ఆయన అంతటితో వదిలితే గదా! ట్రాక్టర్ కాంటా ఎక్కగానే ఇంజను అదురుకు తెర మీద చివరి అంకె అటూ ఇటూ ఆడుతుంది. చూడ్డానికి బాగుండదని నేను ఆ కదలికను అణచబోతే చేయి పట్టి ఆపాడు. "వణుకుతున్నదంటే పానమున్నట్టు. వణుకుడు బందైతే కింద మట్టో చెరుకాకో ఇరికినట్టు. గప్పుడు బరువు తప్పుతది, నేను దొంగనైత." నేను చదివిన ఏ క్లాసులోనూ ఎవరూ ఈ ముక్క చెప్పలేదు. వరసగా నాలుగు ట్రాక్టర్లు ఎక్కినా అంకె ఆడకపోతే ఎరుపు చూపించేలా రాశాను.

మిల్లులో చెరుకు క్రషింగ్ మొదలైన రెండో వారం, ఒక మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. బండ్లు రోడ్డు దాకా నిలిచాయి. ఇద్దరి ఫోన్లూ ఒక్కసారే మోగాయి: "కాంటా వణుకుతలేదు." అప్పటికింకా ఏ రైతుకూ అనుమానం రాలేదు. చిన్నబాపు బయటికి ఉరికి, స్టూలెక్కి గొంతెత్తాడు.

"కాంటా తప్పు సూపిస్తున్నది! ఆఖరు నాలుగు బండ్లు మల్ల జోకాలె. నేనే చెప్తున్న, ఇనుండ్రి!"

మేనేజర్ పరుగున వచ్చాడు. "జర మెల్లగ చెప్పరాదయ్యా!"

"మెల్లగ చెప్తెనే సార్, దొంగ అంటరు."

కాంటా పలకలెత్తి చూస్తే మట్టి, చెరుకాకు కలిసి ఇటుకలా గట్టిపడి ఇరుక్కుని ఉంది. తీసేసి నాలుగు బండ్లనూ మళ్లీ ఎక్కించారు. నాలుగూ ఇందాకటికన్నా ఎక్కువే తూగాయి. యార్డంతా ఈలలు. నేనైతే చిన్నపిల్లలా గెంతాను.

ఆ తర్వాత కాంటా ఎక్కిన బండి, ప్రతి సీజన్‌లో అందరికన్నా గట్టిగా కొట్లాడే రైతుది. జనం అలవాటుగా కిటికీలోకి వంగారు. అతను మాత్రం తలకు చుట్టిన తువ్వాలు విప్పి, ముఖం తుడుచుకుని, తెరకు వీపు పెట్టి నిలబడ్డాడు.

"ఎంతొస్తె గంత రాస్కో అన్నా" అన్నాడు.

చిన్నబాపు చీటీ రాయబోయి ఆగి, ఆ వీపు వంకే చూస్తుండిపోయాడు.