స్టూలు మీద తువ్వాలు

మా బాబావలి బావకు ఒకటే అలవాటు. ఏసీ బాగు చేశాక దాని కింద గంటసేపు కూర్చుంటాడు. చల్లగాలి కోసం కాదు, వినడానికి.

అందుకోసం మా వ్యాన్‌లో ఒక నీలం ప్లాస్టిక్ స్టూలు ఉండేది. గేజీలు మరిచిపోయిన రోజులున్నాయి. నిచ్చెన మరిచిపోయిన రోజు కూడా ఉంది. స్టూలు మరిచిపోయిన రోజు లేదు. గ్యాస్ నింపి, కవరు బిగించి, చేతులు తుడుచుకుని, స్టూలు వేసుకుని కళ్లు మూసుకునేవాడు. ఇంటాయన వచ్చి "ఖలాస్?" అనేవాడు, అయిపోయిందా అని. బావ కళ్లు తెరవకుండానే "షువయ్య" అనేవాడు, ఇంకొంచెం అని. రియాద్‌లో ఉన్న తొమ్మిదేళ్లలో ఆయన నేర్చుకున్న అరబ్బీలో సగం ఆ ఒక్క మాటే.

"నడుస్తాంది కదా బావా, ఇంకేం కావాల?" అంటే,

"గంట తిరిగితే గానీ మిషను నిజం చెప్పదు సుభానీ. కొత్తల్లుడి మాదిరి. మొదటి పూట అందరూ చల్లగానే ఉంటారు" అనేవాడు.

ఆయన మా అక్క మదార్బీ మొగుడు. అంటే మా ఇంటి పాత అల్లుడు. అనుభవంతో చెప్పిన మాటే అనుకోవాలి.

రాయచోటిలో ఆయన బోరు మోటార్లకు వైండింగ్ చుట్టేవాడు. నేను ఇక్కడికి డ్రైవరుగా వచ్చి, జనం వీధిలో పారేసిన కిటికీ ఏసీలు విప్పి విప్పి పని నేర్చుకున్నాను. మొదటి మూడూ విప్పడమే వచ్చింది, బిగించడం రాలేదు. నాలుగోది బిగిసింది గానీ రెండు బోల్టులు మిగిలాయి. ఒకదాని తలకు ఆకుపచ్చ రంగు. వీడియో కాల్‌లో చూపించాను. బావ చాలాసేపు చూసి, "అవి పారెయ్యద్దు. నేను వస్తాండా" అన్నాడు. వచ్చాడు. జేబులో టెస్టరు, సంచిలో అక్క కొట్టిచ్చిన కారం. లైసెన్సు మాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, మా కఫీల్‌ది, చేతులు మావి. ఒక ముసలి వ్యాన్‌తో మొదలుపెట్టాం. ఒక ఇంట్లో పని అయ్యాక ఆయన్ని స్టూలు మీద వదిలి నేను పక్క వీధిలో పని చూసుకుని, తిరిగొచ్చి ఎక్కించుకునేవాణ్ణి.

ఫిర్యాదులు రాకుండా ఎలా ఉంటాయి? ఒకాయన ఫోన్ చేసి, "మీ మనిషి మా మజ్లిస్‌లో, అతిథుల గదిలో కూర్చుని ఏసీని టీవీ చూసినట్టు చూస్తున్నాడు. మా మామగారు వచ్చి, ఎవరో చుట్టమనుకుని ఖర్జూరాలు పెట్టి కాఫీ పోశారు. ఇప్పుడు లెమ్మని ఎలా చెప్పను?" అన్నాడు.

ఇంకొకాయన ఫిర్యాదు వేరు. "స్టూలు ఉంది. స్టూలు మీద తువ్వాలు ఉంది. మనిషి లేడు."

సాయంత్రం అడిగాను. "యాడికి పోయినావు బావా?"

"బయట యూనిట్ కూడా వినాల గదా. మిద్దె మీదికి పోయినా."

"మరి తువ్వాలెందుకు?"

"సీటు పోకుండా."

మా వైపు బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టడం ఉంది. కానీ పరాయి వాళ్ల ఇంట్లో, ఎవరూ ఆశపడని స్టూలుకు సీటు పట్టినవాడు మా బావ ఒక్కడే. కడుపుబ్బ నవ్వాను. నవ్వడం ఆపి కాస్త ఆలోచించి ఉంటే బాగుండేది.

మసీదులో కూడా ఇదే తంతు. నమాజు అయ్యి అందరూ వెళ్లిపోయినా ఈయన ఒక మూల కళ్లు మూసుకుని కూర్చునేవాడు. "భక్తి అంటే ఆ రాయచోటి మనిషిది" అని ఇమాం నలుగురి దగ్గరా మెచ్చుకున్నాడు. మరుసటి శుక్రవారం భక్తుడు నూనె డబ్బా, స్క్రూడ్రైవరు పట్టుకుని వచ్చాడు. "మూడో ఫ్యాను బేరింగ్ ఏడుస్తాంది. వారం నుంచి వింటాండా."

అలా కూర్చుంటూ కూర్చుంటూనే ఎదిగాం. ఆయన కూర్చున్న ఇంటికి మళ్లీ పోవలసిన పని పడేది కాదు. ఆ ఇంటివాళ్లు పక్కింటికి చెప్పేవాళ్లు. ఎనిమిదేళ్లు దాటేసరికి మూడు వ్యాన్లు, తొమ్మిది మంది పనివాళ్లు అయ్యారు. అంగడి తెరిచి బోర్డు మీద ఇద్దరి పేర్లూ రాయించాను, ముందు బావది.

అప్పుడు వచ్చింది పెద్ద పని. ఒక కాంపౌండులో నలభై విల్లాలు. ఎండలు ముదిరేలోగా అన్ని ఏసీలూ సర్వీసు చెయ్యాలి, నచ్చితే ఏటా మీకే అన్నాడు మేనేజరు. రోజుకు ఆరు ఇళ్లు చేస్తామని నేను ఒప్పుకుని వచ్చాను. మూడో రోజుకు బావ జట్టు రోజుకు మూడు దగ్గరే ఆగింది.

"ఆరు కావాల బావా."

"మూడయితాయి."

"స్టూలు లేకపోతే ఆరయితాయి."

"స్టూలు లేకపోతే ఆరు అయినట్టు కనపడతాయి."

ఆ మాట బోర్డు మీద రాయించుకోవలసింది. నేనేమో తొమ్మిది మంది ముందర, "కూచునేదానికయితే అంగట్లో కుర్చీ ఉంది. పోయి ఆడ కూచో" అన్నాను.

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. మర్నాటి నుంచి అంగట్లో ఫోన్ దగ్గర కూర్చున్నాడు.

అక్కడా మారలేదు. ఎవరు ఫోన్ చేసినా, "ఫోను ఏసీ కాడ పెట్టండి" అనేవాడు. ఒక హైదరాబాదు ఇంటామె అలా పెట్టి మరిచిపోయింది. ఈయన గంటన్నర విన్నాడు. "వాళ్ల రెండో పిల్లకు ఎక్కాలు రావు. మోటారు మాత్రం బాగుంది" అని తేల్చాడు. మేమంతా నవ్వాం. ఆయనా నవ్వాడు. ఆ నవ్వు ఎంత సన్నగా ఉందో గంట వినకుండానే నాకు తెలియవలసింది.

నాలుగు నెలలకు మోకాళ్లు నొప్పి అన్నాడు. పాస్‌పోర్టుకు ఖురూజ్ ముద్ర కొట్టించుకుని ఊరికి పోతానన్నాడు. అది వేస్తే మళ్లీ రావడం ఉండదు. మోకాళ్లేనా బావా అని నేను అడగలేదు. అడిగితే ఆయన నిజం చెప్తాడేమోనని భయం. ఎయిర్‌పోర్టులో "స్టూలు పెట్టిపోతాండా" అన్నాడు. అంగట్లో దాని మీద నేను నీళ్ల క్యాను పెట్టాను.

ఆయన అంగట్లో ఉండగా కాంపౌండులో రోజుకు ఆరు చేశాం. ఆ తర్వాత నెలంతా, చేసినవే రోజుకు ఒకటి రెండు చొప్పున మళ్లీ చేశాం. మరుసటి ఏడు కాంపౌండు మాకు రాలేదు.

మొన్న మే నెలలో పాత ఇంటి నుంచి సర్వీసు కాల్ ఒకటి వస్తే నేనే వెళ్లాను. మిద్దె మీద బయట యూనిట్ చూస్తుంటే, పక్కన రేకుల గది ముందు బట్టలు ఆరేస్తున్న పనిమనిషి తెలుగులో పలకరించింది. ఖుర్షీదా అట, రాజంపేట దగ్గర.

"స్టూలన్న రాలేదా?"

"ఊరికి పోయినాడు. నీకెట్ల తెలుసు?"

ఆమె తన గది తలుపు తీసి చూపించింది. గోడకు ఒక కిటికీ ఏసీ. మూతి ఒక కంపెనీది, ఒళ్లు ఇంకో కంపెనీది, తిప్పే పిడి కుక్కరుది. నేను పారేయమన్న సామాను సగం అందులో ఉంది. మూలన బిగించిన బోల్టు తల ఆకుపచ్చ.

"కింద తువ్వాలేసి పైకొచ్చేటోడు అన్న. మీ వదినతో మాట్లాడుతా ఉండమ్మా అని ఫోన్ చేసిచ్చి, ఈడ పని చేసుకునేటోడు. మదార్బీ వదినకు మా ఊరి సంగతులన్నీ తెలుసు. ఎదురింట్లో ఇథియోపియా పిల్ల గదిలో కూడా ఒకటి పెట్టినాడు. మా మేడమ్‌కు తెలుసు. చూడనట్టు ఉంటాది."

"నాకెందుకు చెప్పలేదు?"

"అదేమో నాకేం తెలుసన్నా?"

అక్కకు ఫోన్ చేశాను. "నీకు చెప్తే ఆ గంటలో ఇంకో రెండు ఇండ్లు అవుతాయంటావని చెప్పలేదురా" అంది. నిజమే. అనేవాణ్ణి.

ఫోన్ బావ అందుకున్నాడు. తప్పయింది బావా అందామని నోరు తెరిచాను. ఆయన వినలేదు. "ఖుర్షీదమ్మ ఏసీ కాడ పెట్టు ఫోను" అన్నాడు. పెట్టాను. రాయచోటిలో ఆయన కళ్లు మూసుకుని ఉంటాడని తెలుసు. చాలాసేపటికి గొంతు వచ్చింది.

"బేరింగ్ ఎండిపోయింది. నూనె ఉందా?"

"ఉంది."

"పోసి గంట కూచో. స్టూలు తెచ్చినావా?"

"లేదు బావా."

"మరి యాడ కూచుంటావు?"

ఖుర్షీదా బకెట్ బోర్లించి గది గుమ్మంలో పెట్టి, బట్టల దగ్గరికి వెళ్లింది. నూనె పోసి కూర్చున్నాను. ఫోన్ అలాగే ఆన్‌లో ఉంది. ముగ్గురం వింటున్నాం, నేనూ, బావా, మధ్యలో "అన్నం చల్లారిపోతాంది" అంటూ అక్కా.

కింద నుంచి ఇంటాయన కేక వేశాడు. "ఖలాస్?"

బావ నోరు తెరిచేలోపు నేనే అన్నాను. "షువయ్య."