ఎవరిదో జడ

మా నరసరావుపేట వీధిలోకి నెలకోసారి ఒక మోటారుసైకిలు వస్తుంది. ముందు మైకు అరుస్తూ ఉంటుంది, వెనక రెండు పక్కలా స్టీలు గిన్నెలు వేలాడుతూ ఉంటాయి, వాటి నడుమ మూతి బిగించిన గోనెసంచి ఒకటి. చిక్కు వెంట్రుకలకు గిన్నెలిస్తామని మైకు చెప్పడం పూర్తికాకముందే ఆడవాళ్ళు ప్లాస్టిక్ కవర్లలో దాచుకున్న జుట్టు ఉండలు పట్టుకుని గుమ్మాల్లోకి వస్తారు. మొన్న అతను మా గేటు ముందే ఆగి సంచి మూతి విప్పాడు. పాత నూనె, చెమట, మాడు జిడ్డు, ఎన్నెన్ని ఇళ్ళ తలల వాసనో కలిసిన ముక్కిన కంపు ఎండలో ఒక్కసారిగా లేచి నా ముక్కుకు తగిలింది. కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పోయి వాష్‌బేసిన్ మీద వంగి నిలబడ్డాను. మా కోడలు కంగారుపడి "బీపీ మాత్ర వేసుకోలేదా అత్తయ్యా?" అంది. బీపీ కాదు, ఏమీ కాదు. పదకొండేళ్ళ వయసులో నేను చేసిన ఒక పాడుపని ఆ సంచిలోంచి లేచి వచ్చింది, అంతే.

మాది రెంటచింతల దగ్గర ఒక పల్లె. అక్కడి ఎండలు తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకు చెప్పినా నమ్మరు. నాపరాళ్ళ అరుగు మీద చెంబెడు నీళ్ళు చల్లితే చుయ్యిమని ఆవిరై పోయేవి, కళ్ళాల్లో మిరపకాయలు ఎండుతుంటే ఊరు ఊరంతా తుమ్ముతూ ఉండేది, మధ్యాహ్నానికి కుక్కలు కూడా బానల పక్కన తడిమట్టిలో పొట్ట ఆనించి పడుకునేవి. అంత ఎండలోనూ శుక్రవారం వచ్చిందంటే మా నాయనమ్మ నాకు తలంటు తప్పించేది కాదు. కుంకుడుకాయలు రాయి మీద చితక్కొట్టి, వేడినీళ్ళలో పిసికి, కళ్ళు మండకుండా నాలిక మీద ఉప్పురాయి పెట్టి, ఆ నురుగుతో నా తల అంట్లగిన్నె తోమినట్టు తోమేది. తర్వాత సాంబ్రాణి పొగ, ఆ తర్వాత ఆముదం, ఆ తర్వాత జడ. జడ అల్లడం అయ్యాక అసలు సంగతి మొదలయ్యేది. బొటనవేలు నా మెడ కింద ఆనించి, చిటికెనవేలు చాచి, జడను జానలతో కొలిచేది.

"ఏందే ఇది, ఎలకతోక మాదిరి! రెండు జానలు కూడా నిండలా. కోటిదాన్ని చూడు, నాలుగు దాటింది. ఒకే వారంలో పుట్టారు గదా ఇద్దరూ, దానికొచ్చిన జుట్టు నీకేమైందే?"

కోటి అంటే కోటేశ్వరమ్మ, మా పక్కింటి పిల్ల. గోడకు అవతల అది పుట్టిన నాలుగో రోజున ఇవతల నేను పుట్టానట. ఆ నాలుగు రోజుల తేడా చాలు, మమ్మల్ని పక్కపక్కన నిలబెట్టి చూడటానికి ఊరందరికీ హక్కు వచ్చేసింది. ఎవరు రంగు, ఎవరు పొడుగు, ఎవరు బిందె చంకనెత్తుకుని తొణక్కుండా వస్తారు అని నీళ్ళకాడ ఒకరు, కళ్ళంలో ఒకరు తూకం వేసేవారు. అయితే వాళ్ళను మాత్రమే తిట్టుకుంటే అబద్ధమవుతుంది. వాళ్ళు వేసింది విత్తనమే, నీళ్ళు పోసి పెంచింది నేనే. అట్లతద్దినాడు తెల్లవారకముందే లేచి గోంగూర పచ్చడి, పెరుగుతో అన్నం తిని ఉయ్యాల కాడికి పరిగెత్తినా, నా కళ్ళు ఉయ్యాల మీద ఉండేవి కావు, కోటి కాళ్ళు ఏ కొమ్మ దాకా పోయాయో దాని మీద ఉండేవి. అట్లు తింటున్నా దాని ఆకులోకే చూపు. కడుపు నిండినా ఇంకొకటి కుక్కుకునేదాన్ని, అది తిన్నదని. పండగ వచ్చి పోయేది, నా నోటికి రుచి తెలిసేది కాదు.

ఆ వేసవిలో మా ఇద్దరికీ పూలజడలు వేయించి మాచర్ల స్టూడియోలో ఫోటో తీయించాలని పెద్దవాళ్ళు అనుకున్నారు. అప్పట్లో ఆడపిల్ల ఉన్న ప్రతి ఇంట్లోనూ అలాంటి ఫోటో ఒకటి గోడకు ఉండేది. పిల్ల ఇటు తిరిగి నిలబడితే వెనక నిలువుటద్దంలో పూలజడ మొత్తం కనపడుతుంది. మా అమ్మ నా జడ చేత్తో పట్టుకుని చూసి "ఉన్నకాడికే కుట్టిద్దాంలే" అంది. ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలింది. ఇద్దరం ఒకే ఫోటోలో, దాని జడ మోకాళ్ళ మీదికి, నాది వీపు మధ్యకి, అదీ గోడకు ఎక్కి, కలకాలం!

ముందురోజు మధ్యాహ్నం వెంట్రుకలు కొనే ముసలాయన వచ్చాడు. అప్పుడు మైకులు లేవు, భుజాన సంచి, చేతిలో పిన్నులూ రిబ్బన్లూ బుడగలూ. ఆడవాళ్ళు చూరులో దోపిన జుట్టు ఉండలు పీకి తెచ్చి ఇచ్చేవారు. ఆయన మా అరుగు మీద సంచి దించి మంచినీళ్ళు అడిగాడు. నీళ్ళు తెస్తూ చూశాను కదా, సంచి మూతిలోంచి ఒక జడ. ఉండ కాదు, అల్లిన జడ అల్లినట్టే, చివర ఎర్ర రిబ్బను ముక్కతో సహా.

"ముట్టుకోమాక తల్లీ" అన్నాడాయన. "పక్కూళ్ళో జొరం మనిషిది, పొద్దున్నే కోసిచ్చారు. దాన్ని ఇంకా ఉడకేసి కడగాల."

ఆయన నీళ్ళు తాగి, అక్కడే కళ్ళు మూసుకుని ఒక కునుకు తీశాడు. నేను ఆ జడ లాగి పరికిణీలో దాచుకున్నాను. పాపం ఆ ముసలాయన లేచి సంచి చూసుకున్నాడో లేదో నాకు తెలియదు.

తెల్లారి మా ఇంట్లో ఎవరూ చూడకుండా దాన్ని నా జడకు నల్లదారంతో కట్టి, కలిపి అల్లుకున్నాను. చేతికి జిడ్డుగా, చల్లగా తగిలింది. ఇప్పటికీ వేళ్ళకు ఆ స్పర్శ గుర్తుంది. పూలజడలు కుట్టే రత్తమ్మ పిన్ని అరటిపట్ట మీద మల్లెమొగ్గలు వరసలుగా కుట్టి నా జడకు బిగిస్తూ ముక్కు చిట్లించింది.

"ఎవరి సవరమే ఇది? చద్దికుండ కంపు కొడతా ఉంది."

"మా మేనత్తది పిన్నీ."

"ఎన్నేళ్ళు దాచిందో మహాతల్లి!"

మా అమ్మేమో ఆ సవరం రత్తమ్మ పిన్నే పెట్టిందనుకుంది. స్టూడియోలో కోటి పక్కన నిలబడి, మెడ తిప్పి అద్దంలోకి చూశాను. నా జడ దాని జడకంటే బెత్తెడు కిందికి ఉంది. మల్లెపూల కింద జొరం మనిషి జుట్టు కుళ్ళు వాసన కొడుతుంటే, నేను నవ్వాను. ఫోటోలో ఆ నవ్వు పడింది. తిరుగుబస్సులో కోటి నా భుజం మీద తల వాల్చి మాచర్ల నుంచి ఊరిదాకా నిద్రపోయింది.

పది రోజులు తిరక్కుండానే ఇద్దరి తలలూ పేలపుట్టలయ్యాయి. నాది పలచని జుట్టు కాబట్టి నాయనమ్మ ఈరుపెనతో రోజూ గీకి, వేపనూనె పట్టించి, వారంలో బాగుచేసింది. కోటిది గడ్డివాములాంటి జుట్టు. ఏ దువ్వెనా మాడుదాకా దిగలేదు. గోళ్ళతో గీరి గీరి పుళ్ళు పడ్డాయి, పుళ్ళు చీము పట్టాయి, ఆ చీముకు వెంట్రుకలు అంటుకుని అట్టలు కట్టాయి, దాని పక్కన కూర్చుంటే ఈగలు. చివరికి వాళ్ళమ్మ ఏడుస్తూ కోటప్పకొండకు మొక్కుకుని, తీసుకుపోయి గుండు చేయించింది.

కొండ నుంచి వచ్చి గుండుతో బండి దిగుతున్న కోటిని గోడ మీదుగా చూశాను. అప్పుడు నా మనసులో మొట్టమొదట పుట్టిన మాట ఏమిటో రాయడానికి ఇప్పటికీ చెయ్యి వెనకాడుతుంది. ఇక ఊళ్ళో నా జడే పొడుగు, అనుకున్నాను. జాలి కాదు, భయం కాదు, సంతోషం! బెల్లం ముక్క నోట్లో వేసుకున్నట్టు తియ్యగా లోపలికి దిగింది. దిగిన మరుక్షణం కడుపులో తిప్పింది. పెరట్లోకి పరిగెత్తి బూడిదకుప్ప మీద కక్కుకున్నాను. దాని తలలో చీముకంటే నా లోపలి ఆ తీపే ఎక్కువ కంపు కొట్టింది నాకు.

రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు పోయి చూస్తే కోటి వాళ్ళ పెరట్లో కుడితితొట్టి గట్టున కూర్చుని తాటిముంజలు తింటోంది. పసుపు పూసిన గుండు ఎండకు మెరుస్తోంది.

"రావే, గాలి తగులుతుంటే ఎంత చల్లగుందో తెలుసా! కూసుంటే ఆ జడ నా కిందే పడి లాగుతా ఉండేది, పీడా పోయింది" అంది.

నేను నిలబడే అంతా చెప్పేశాను. జడ దొంగిలించడం, జొరం మనిషి, నావల్లే పేలు.

"తెలుసులే, అద్దంలో పూల సందున జుట్టు రంగు తేడా కనపడలా? పేలు ఎవరికి పట్టవు?" అని ఒక ముంజ నా చేతిలో పెట్టింది.

అక్కడితో ఆపి ఉంటే బతికిపోయేదాన్ని. కానీ ముంజ చేతిలో పట్టుకునే, "నీ గుండు చూసి సంతోషపడ్డానే" అన్నాను.

కోటి నమలడం ఆపింది. తర్వాత నా చేతిలోని ముంజ తీసేసుకుని కుడితితొట్టిలో విసిరేసి, "పోవే ఇంటికి" అంది. అట్లతద్ది దాకా నాతో మాట్లాడలేదు. ఉయ్యాల కాడ తోసేవాళ్ళు లేక అదే పిలిచింది, "ఇటు రా, వీపు మీద తొయ్యి" అని. తోశాను. దాని కాళ్ళు ఏ కొమ్మ తాకాయో చూడలేదు. ఆ రోజు తిన్న అట్ల రుచి మాత్రం ఇంకా నోట్లో ఉంది.

నాయనమ్మ శుక్రవారం మళ్ళీ జాన చాచినప్పుడు జడ లాక్కుని "కొలిస్తే కత్తిరించుకుంటా" అన్నాను. మంచి బుద్ధి పుట్టి మానలేదు నేను, అసహ్యం పుట్టి మానాను. తర్వాత ఇల్లూ వాకిలీ, మొగుడి సంపాదనా, పిల్లల చదువులూ ఎన్నింటిలోనో ఆ తీపి మళ్ళీ నాలికకు తగలబోయింది. తగిలినప్పుడల్లా కడుపులో అదే తిప్పు. అదే నన్ను కాపాడింది.

ఇప్పుడు మా వీధిలో కుంకుడుకాయ కొట్టే రాయి లేదు. పూలజడలు కుట్టే రత్తమ్మ పిన్నులు లేరు. నిలువుటద్దం ఉన్న స్టూడియోలు మూతపడ్డాయి. నాయనమ్మ జానైతే మట్టిలో కలిసింది గానీ, కొలిచే జబ్బు కలవలేదు. నిన్న సాయంత్రం మా మనవరాలు ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టింది. అది, పక్కింటి పిల్ల, ఒకే రంగు గౌన్లతో.

"నాయనమ్మా, నిజం చెప్పు, ఎవరు బాగున్నాం?"

"అన్నం చల్లారిపోతోంది, రా" అన్నాను.

"చెప్పు మరి!"

ఫోను పక్కకు జరిపి కంచం పెట్టాను. అది మూతి ముడుచుకుని, కాళ్ళు టపటపా కొట్టుకుంటూ లోపలికి పోయింది. పోనీ. ఆకలేస్తే అదే వస్తుంది.