ప్రమీల ఎగరని ఆదివారం

పెళ్లిచూపుల నాడు ప్రమీల నా చుట్టూ తిరిగింది. చాయ్ గ్లాసుల పళ్లెం తెచ్చి అందరికీ ఇచ్చాక, తిన్నగా లోపలికి పోకుండా నా కుర్చీ ఎడమ పక్కనుంచి వెనక్కి వెళ్లి, కుడి పక్కన తేలి, అప్పుడు లోపలికి పోయింది. మా అమ్మ శకుంతలమ్మ నా చెవిలో, "సొంతింట్ల పిల్లకు తొవ్వ తెల్వదా ఏంది?" అని గొణిగింది.

పెళ్లైన ఆర్నెల్లకు ధైర్యం చేసి అడిగాను. ప్రమీల ఏమీ దాచలేదు.

"మా బాపు ఎద్దును కొనేముందు ఎడమదిక్కు మొదలువెట్టి చుట్టు తిరుగుతడు. ముంగట నిలవడి చూస్తె అన్ని ఎడ్లు మంచిగనే కనవడ్తయి."

"మరి నాలో ఏం కనబడింది?"

"ఎడమకాలు జర వంకర. గాని నడుస్తదనుకున్న."

వాళ్ల బాపు శాంతయ్య చేవెళ్ల అంగడిలో ఎడ్ల బేరాలు కుదిర్చేవాడు. కొడుకు జంగయ్యకు ఎడ్లకన్నా ఎలక్షన్లు నచ్చాయి. అందుకని కూతుర్నే వెంట తిప్పుకున్నాడు. ఎద్దును ముట్టుకోకుండా నమ్మకూడదని, చూసినచోటే మళ్లీ చూడటానికి సిగ్గుపడకూడదని ఆమె అక్కడ నేర్చుకుంది. కాపురానికి వచ్చాక ఆ విద్యను మా ఇంటిమీద ప్రయోగించింది. కుక్కర్ మూత రబ్బరును వెలుగుకు పట్టి చూడందే పొయ్యి మీద పెట్టేది కాదు. నేను బడికి బయలుదేరితే గడప దగ్గర ఆపి, చుట్టూ తిరిగి, చొక్కా గుండీ పెట్టుకోలేదనో, జేబులో పెన్ను కారుతోందనో చెప్పి పంపేది. ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పాను కానీ, తనిఖీ లేకుండా ఒక్కనాడూ గడప దాటలేదు.

అలాంటి మనిషి నలభై తొమ్మిదో ఏట విమానం నేర్చుకుంది.

మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్ పక్కన శాంతయ్య ఆమెకు రాసిచ్చిన చెలక ఒకటుండేది. పొడుగ్గా, చదునుగా, జొన్న తప్ప మరేదీ సరిగా పండని నేల. చిన్న విమానాలు నేర్పే క్లబ్బువాళ్లు రన్‌వే కోసం దాన్ని కౌలుకు అడిగారు. జంగయ్యే మాట్లాడి షరతులన్నీ రాయించాడు. ప్రమీల కాగితాన్ని ముందుకూ వెనక్కూ తిప్పి చూసి, "ఒక్కటి రాయలె. నాకు నడుపుడు నేర్పాలె" అంది.

జంగయ్య నవ్వాడు. "అక్కా, అది స్కూటీ కాదే."

"స్కూటీ నేర్సుకున్ననాడు సైకిల్ కాదే అంటివి."

క్లబ్బువాళ్లు తమాషా అనుకొని ఒప్పుకున్నారు. వైద్యపరీక్షలో ఆమె గుండె, కళ్లు, చెవులు అన్నీ భేషుగ్గా ఉన్నాయన్నారు. తోడు వెళ్లినందుకు నాక్కూడా ఉచితంగా చూసి బీపీ మాత్ర రాశారు.

నేర్పడానికి వచ్చినవాడు హేమచంద్. ముప్పై దాటని కుర్రవాడు. వాళ్ల కుటుంబం కోస్తా నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడింది. ఊరంతా నన్ను సారు అంటే అతను మాత్రం మాస్టారూ అనేవాడు. రెండే సీట్ల విమానం. తెల్లగా, తేలిగ్గా, నలుగురు తోస్తే పక్కకు జరిగేటట్టు ఉండేది. మూడు వారాలు అతను ప్రమీలను దాన్ని ఎక్కనివ్వలేదు. రోజూ పొద్దున్నే చుట్టూ తిప్పేవాడు. ముందొచ్చిన ఇద్దరు కుర్రాళ్లు దీనికి విసిగి మానేశారట. ప్రమీల మాత్రం పుట్టింటికి వచ్చినట్టు మురిసిపోయింది.

"సార్, ఎడమదిక్కు కెల్లే మొదలు వెడ్తరా మీరు గూడ?" అని అడిగింది మొదటిరోజే.

"అవునండి. ఏం?"

"ఏం లేదు. మా బాపు బతికుంటే మీతోని దోస్తాన్ చేస్తుండె."

తాళం చెవి చేతిలో ఉంటేనే ప్రొపెల్లర్‌ను ముట్టుకోవాలి, అంచుమీద గాట్లున్నాయేమో వేళ్లతో తడిమి చూడాలి. రెక్కల మడతలు, తోక బందులు ఒక్కొక్కటే ఆడించాలి. రెక్క కిందనుంచి గాజుగొట్టంలోకి గుక్కెడు పెట్రోలు పట్టి వెలుగుకు ఎత్తాలి. నీళ్లు కలిసి ఉంటే అడుగున ముత్యంలా కనబడతాయి. వారం తిరక్కుండా మా పాలవాడు శాపనార్థాలు పెట్టడం మొదలుపెట్టాడు. ఆమె అతని పాలను కూడా గాజుగ్లాసులో పోసి ఎండకు ఎత్తి చూస్తోందట.

ఇవన్నీ వరుసగా రాసిన కాగితం ఇంగ్లీషులో ఉండేది. నేను ఉత్సాహపడి దాన్ని తెలుగు చేసి నోటుబుక్కులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చాను. 'ఇంధన కల్మష పరీక్ష', 'గతినిర్దేశక ఫలక పరిశీలన' వంటివి నలభై ఒక్క అంశాలు. మర్నాడు చూస్తే ఎర్రపెన్నుతో దిద్ది ఉంది. 'పెట్రోల్ల నీళ్లున్నయా. తోక కదులుతున్నదా.' జీవితంలో నా రాతను అలా దిద్దినవాళ్లు లేరు. హేమచంద్ రెండూ చదివి, "మాస్టారూ, మీది చదివేసరికి పొద్దు గూకుతుందండీ" అన్నాడు.

విమానం పొట్ట పక్కన ఒక చిన్న లోహపు బిళ్ల ఉండేది. దాని మధ్య గుండుసూది పట్టేంత రంధ్రం, చుట్టూ ఎర్రరంగుతో గుండ్రంగా గీత. హేమచంద్ అక్కడ ప్రతిరోజూ ఆగేవాడు.

"లోపల మీటర్లలో ఉన్న ముళ్లకు బయటి గాలి సంగతి చెప్పేది ఇదేనండి. ఇది మూసుకుపోతే మీరు వెయ్యి అడుగుల పైన ఉన్నా, ముల్లు మాత్రం నేలమీదే ఉన్నానంటుంది. వేగం కూడా తప్పు చెబుతుంది. మట్టిగూడు కట్టే కుమ్మరి పురుగు ఒక్క పూటలో ఇందులో మట్టి పెట్టేస్తుంది, జాగ్రత్త. ఇంకో మాట మేడమ్. మీరు అంతా చూసేశాక ఎవరి చెయ్యి పడినా సరే, మళ్లీ మొదటినుంచి చూడాలి. ఆ చెయ్యి నాదైనా సరే."

ఎగరడం మాత్రం అంత నున్నగా సాగలేదు. మొదట్లో ఒక్కసారి దిగాల్సిన చోట మూడుసార్లు దిగేది, మధ్యలో గెంతులు. నేను కంచె అవతల ఫ్లాస్కు పట్టుకొని నిలబడి గెంతులు లెక్కపెట్టేవాణ్ని. "మాస్టారూ, బ్రేకు వేసేటప్పుడు మేడమ్ 'హో... హో...' అంటారండి. అలవాటైపోయి మొన్న నేనూ అనేశాను" అని చెప్పాడు హేమచంద్. ఏడాది గడిచేసరికి గెంతులు ఒకటికి వచ్చాయి, తర్వాత అదీ పోయింది. ఇక మిగిలింది సోలో. పక్కసీట్లో ఎవరూ లేకుండా తనొక్కతే లేచి, ఒక చుట్టు తిరిగి, దిగడం.

అది రేపో మాపో అనుకుంటుండగా హేమచంద్‌కు ఢిల్లీలో పెద్ద కంపెనీ ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. ఆదివారం పొద్దున ఎనిమిదికి గాలి లేవకముందే సోలో అయితే అయినట్టు, లేకపోతే కొత్త గురువు వచ్చేదాకా ఆగాలి. ఆ వచ్చేవాళ్లు ఆమెను నమ్ముతారో, మొదటినుంచి మొదలుపెట్టమంటారో తెలియదు. ప్రమీల ఆ వారమంతా సరిగా తినలేదు. "యాభై ఏండ్లొస్తున్నయి సారూ. మల్ల మొదటికెల్లి అంటే నాకు ఓపిక ఉంటదా?" అంది నాతో ఒకసారి. తనకు ఓపిక తగ్గుతుందని ఆమె అనగా వినడం అదే మొదటిసారి.

ఆదివారం ఆరుకల్లా ఆమె నలభై ఒక్క అంశాలూ చూసి, నోటుబుక్కు మూసింది. అప్పుడు దిగాడు జంగయ్య. ఒక ట్రాలీ నిండా జనం, ఒక ఫ్లెక్సీ. 'ఆకాశానికెగిరే మన ఆడబిడ్డ' అని రాసి ఉంది. అందులో జంగయ్య ఫొటో నిలువెత్తున, విమానం అరచేతంత, ఆడబిడ్డ బొటనవేలంత. ట్రాలీలోనుంచి మా అమ్మ కూడా దిగింది, పసుపు కుంకుమల పళ్లెంతో.

"మోపెడ్ కొంటెనే పూజ చేస్తిమి. గాలిల తిరిగేదానికి వద్దా?"

ప్రమీల నా వైపు చూసింది, నేను హేమచంద్ వైపు చూశాను. అతను షరతులు పెట్టాడు. కొబ్బరికాయ షెడ్డు వెనకే కొట్టాలి, రన్‌వే మీద ఒక్క చిప్ప కూడా పడకూడదు. ప్రొపెల్లర్‌ను ముట్టుకోకూడదు, దండ వెయ్యకూడదు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినా మళ్లీ తీసెయ్యాలి. "సరే బిడ్డా, సరే" అని మా అమ్మ అన్నిటికీ తలాడించింది. అందరం షెడ్డు వెనక్కి వెళ్లాం. జంగయ్య కొబ్బరికాయ కొట్టాడు. మొదటి ముక్క హేమచంద్ చేతికే వచ్చింది. ఈలోగా మా అమ్మ పళ్లెం పట్టుకొని విమానం దగ్గరే ఒంటరిగా ఉండిపోయింది. అటు చూడాలని మాలో ఎవరికీ తోచలేదు.

ఏడు దాటింది. రన్‌వే చివర గాలివాటం చూపే గాలిసంచి మెల్లగా కదలడం మొదలుపెట్టింది. "టైమవుతోంది మేడమ్, ఎక్కండి" అన్నాడు హేమచంద్ కొబ్బరి నములుతూ.

ప్రమీల నోటుబుక్కు తెరిచింది.

"మళ్లీ ఎందుకండీ, ఇందాకే చూశారు కదా!"

"ఎవరి చెయ్యి వడ్డా మల్ల మొదటికెల్లి అన్నరు గద సార్."

హేమచంద్ నమలడం ఆపేశాడు. చెవులు ఎర్రబడ్డాయి. నోట్లో ఉన్నది మింగి, "అవునండి. చూడండి" అన్నాడు.

జనంలో గోల లేచింది. "ఎన్నిసార్లు సూస్తవక్కా? పెండ్లిపిల్లనా అది?" అని అరిచాడు జంగయ్య. ఎవరో ఈల వేశారు. ప్రమీల ఎడమవైపునుంచి మొదలుపెట్టింది. రెక్క, చక్రం, తోక. తోక దాటి పొట్ట దగ్గరికి వచ్చి ఆగింది. వంగింది. కళ్లజోడు తుడుచుకొని మళ్లీ వంగింది.

ఎర్రగీత మధ్యలో పచ్చటి బొట్టు, దానిమీద కుంకుమ. బొటనవేలితో గట్టిగా అద్దిన తడిపసుపు.

నేను గబగబా దగ్గరికి పోయాను. మా అమ్మ వెనకే వచ్చి సంతోషంగా చెప్పింది. "గుండ్రంగ గీసి పెట్టిన్రు గద కొడుకా బొట్టుకని. లేకుంటె దీనికి మొఖం యాడున్నదో ఎట్ల తెలుస్తది?"

నేను జేబురుమాలు తీశాను. "పైపైన తుడిచేస్తే?" అన్నాను నెమ్మదిగా.

ప్రమీల నా చెయ్యి పట్టుకుంది. "పైన పోతది. లోపల వోయింది యాడికి పోతది సారూ?"

హేమచంద్ కూడా వంగి చూశాడు. లేచి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ ఒక్క మాట ఆమే చెప్పాలని అనుకున్నట్టున్నాడు. ఇంకా ఎనిమిది కాలేదు, గాలిసంచి నెమ్మదిగానే ఊగుతోంది. ఫ్లెక్సీ, ట్రాలీ, మా అమ్మ ముఖంలో వెలుగు, అన్నీ ఆమె ఎదురుగానే ఉన్నాయి. ప్రమీల నిటారుగా నిలబడి ఊరందరికీ వినబడేలా చెప్పింది.

"ఇయాల ఎగురుడు లేదు. కుమ్మరి పురుగు మట్టి వెట్టింది."

హేమచంద్ నా పక్కకు వచ్చి, "మాస్టారూ, ఇక్కడి పురుగులు కుంకుమ కూడా పెడతాయాండీ?" అని గుసగుసలాడాడు.

జనం ట్రాలీ ఎక్కారు. "కాయ కొట్టినంక ఎగరకుంటె ఎట్లనే?" అని జంగయ్య ఇంకా అడుగుతూనే ఉన్నాడు. మా అమ్మయితే పురుగును తిట్టిపోసింది. "బొట్టు పెట్టేదాంక లేని పురుగు ఎప్పుడొచ్చిందే దాని మొఖం మండ!" కన్నుమూసేదాకా ఆమె ఆ పురుగునే నమ్మింది. ప్రమీల ఒక్కనాడూ కాదనలేదు.

మెకానిక్ వచ్చి బిళ్ల విప్పి, లోపలి గొట్టం తీసి శుభ్రం చేసేసరికి మధ్యాహ్నమైంది. చుట్టాలకు పంచినట్టు లోపలిదాకా వెళ్లింది పసుపు. హేమచంద్ సాయంత్రం బయలుదేరేముందు ప్రమీల లాగ్‌బుక్కు అడిగి ఏదో రాసి సంతకం పెట్టాడు. ఇంటికొచ్చి చూశాను. ఎగిరిన సమయం: సున్నా. పక్కన తెలుగులో, 'ఎగరకూడదని తనే నిర్ణయించారు. ఇందాకే చూశారు కదా అని నేను అన్నా వినలేదు.' ఆ రాత్రి ప్రమీల ఆకలైందని రెండు రొట్టెలు ఎక్కువ తింది.

రెండు నెలలకు కొత్త గురువు వచ్చింది. మనస్విని అనే ఇరవై ఏడేళ్ల అమ్మాయి. లాగ్‌బుక్కులో పేజీలు తిప్పుతూ ఆ వరుస దగ్గర ఆగింది. రెండుసార్లు చదివింది. "ఎగరనందుకు సంతకం పెట్టిన పుస్తకం ఇప్పటిదాకా చూడలేదండీ" అంది. మొదటినుంచి మొదలుపెట్టలేదు. నాలుగు రోజులు పక్కన కూర్చొని ఎగిరి, అయిదోరోజు బుధవారం దిగిపోయి తలుపు మూసింది.

"మీరొక్కరే వెళ్లిరండి."

ఫ్లెక్సీ లేదు, ట్రాలీ లేదు. కంచె దగ్గర నేనూ, ఫ్లాస్కూ. విమానం చెలక చివరిదాకా పరుగెత్తి, లేచి, మొయినాబాద్ వైపు తిరిగి, చిల్కూరు వైపు చిన్నదై, ఎండలో కనబడకుండా పోయింది. ఆ నిమిషంలో నాకు తెలిసిన పద్యాలన్నీ మరిచిపోయాను. మళ్లీ కనబడింది. దిగింది. గెంతు లేదు. 'హో... హో...' అన్నదో లేదో అంత దూరానికి వినబడలేదు.

ఇంజన్ ఆపి దిగిన మనిషి నా దగ్గరికి పరుగెత్తుకొస్తుందనుకున్నాను. రాలేదు. ఎడమవైపునుంచి మొదలుపెట్టి విమానం చుట్టూ తీరిగ్గా తిరిగింది. ఎర్రగీత దగ్గర ఆగి వంగింది. అప్పుడు నా వైపు నడిచి వచ్చి, చాయ్ అందుకోకుండా నా చుట్టూ కూడా ఒకసారి తిరిగింది.

"బాగా భయపడ్డరు గద?"

"ఏం లేదే."

"ఒక కాలికి మీ చెప్పు, ఒక కాలికి నాది ఏస్కొచ్చిండ్రు."

కిందికి చూసుకున్నాను. నిజమే. ఇంటి దగ్గర బయలుదేరినప్పటినుంచీ అలాగే ఉన్నానట. గడప దగ్గరే చూసిందట కూడా. చెప్తే నాకు ఇంకా గాభరా పుడుతుందని ఊరుకుందట.

ప్రమీల పోయి ఈ కార్తీకానికి రెండేళ్లు. జబ్బుతోనే పోయింది. ఆకాశం ఆమెకు ఏ అపకారమూ చెయ్యలేదు. ఆమె చెప్పులు గడప పక్కన అలాగే ఉన్నాయి, నేనే తియ్యలేదు. బయటికి వెళ్లేటప్పుడు ఇప్పుడు నేనే ఆగి, కిందికి చూసుకొని, రెండూ నావేనని రూఢి చేసుకొని అడుగు వేస్తున్నాను. చొక్కా వెనక ఎలా ఉందో మాత్రం నాకు తెలియదు.