కడిగిన సీసా

ఉప్పెన వచ్చిన ఏడాది చలికాలమంతా నేను నడుముకు సీసాలు కట్టుకుని తిరిగాను. మా అమ్మ తన పాత నేతచీర చింపి ఆరు జేబులున్న పట్టీ ఒకటి కుట్టిచ్చింది. ఒక్కో జేబులో బొటనవేలంత సీసా పట్టేది. పట్టీని కడుపుకు ఆనించి బిగించి, పైన పమిట చుట్టుకునేదాన్ని. ఒకసారి అవనిగడ్డ బస్సులో ఒకావిడ నా నడుం వంక చూసి, కాస్త జరిగి చోటిచ్చి, "ఎన్నో నెలమ్మా?" అంది. "ఆరో గంటండీ" అన్నాను. ఆవిడ అయోమయంగా చూసింది. నాకింకా పెళ్ళే కాలేదని చెబితే మరీ కంగారు పడుతుందని ఊరుకున్నాను.

ఆ సీసాల్లో ఉండేది జనం విరోచనం. దాన్ని ఇంకో మాటతో చెప్పడం నాకు రాదు. గుడివాడలో పొద్దున్నే రైలెక్కి బందరు వెళ్ళి, అక్కడ ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేసేదాన్ని. రోజంతా జనం రక్తం, ఉచ్చ, విరోచనం చూసి, సాయంత్రం రైల్లో చిలకలపూడి ఆడవాళ్ళు రోల్డుగోల్డు గాజులు బేరం చేస్తుంటే చేతులు ఒళ్ళో దాచుకుని కూర్చునేదాన్ని. ఎంత కడిగినా నా చేతులు నాకే వాసన వేసేవి.

మా ల్యాబ్ డాక్టరు గారు బందరులోనే పుట్టి పెరిగిన ముస్లిం పెద్దమనిషి. నెమ్మదిగా మాట్లాడేవారు. ఆయనకు ఒకటే పట్టుదల. కలరా అవునో కాదో తేలాలంటే అప్పట్లో క్రిమిని గాజు పళ్ళెంలో పెంచి చూడాలి. దానికి రెండు రోజులు పడుతుంది. "కలరా రోగికి రెండు రోజులు ఎక్కడున్నాయమ్మా? మన రిపోర్టు వెళ్ళేలోపల మనిషే వెళ్ళిపోతున్నాడు" అనేవారు. అదే రోజు, పల్లెలోనే, మైక్రోస్కోపు లేకుండా తేల్చే పరీక్ష ఒకటి తయారుచేయాలని ఉప్పెనకు ముందు ఏడాది నుంచే మొదలుపెట్టారు. ఆయనకు సాయం నేను.

పద్ధతి వినడానికి తేలిక. చంపిన కలరా క్రిములను కుందేలు చెవి నరంలోకి వారం వారం ఎక్కిస్తే, కొన్నాళ్ళకు దాని రక్తానికి ఆ క్రిమిని పట్టే గుణం వస్తుంది. ఆ రక్తం గడ్డకట్టాక పైన తేరే తేట నీటిని సీరం అంటాం. క్రిములున్న చుక్కలో సీరం చుక్క కలిపితే, గాజు పలక మీద పాలు విరిగినట్టు విరుగుతుంది. కలరా లేకపోతే విరగదు. పలక కింద నల్లకాగితం పెడితే కంటికే కనిపిస్తుంది.

చేసి చూస్తే మాత్రం మాకు చుక్కలు కనిపించాయి. మొదటి సీరం కనబడ్డ ప్రతి విరోచనాన్నీ విరగ్గొట్టింది. చివరికి డాక్టరు గారు ఏ రోగమూ లేని తన విరోచనమే తెచ్చి కలిపితే, అదీ విరిగింది. "నాకూ కలరానేనమ్మా" అని ఆయన నవ్వారు కానీ, నాకు ఏడుపొచ్చింది. కడుపులో ఉండే మామూలు క్రిములతో సీరాన్ని ముందే కలిపి, వాటికి అంటుకునేదంతా తీసేస్తే గానీ దారికి రాలేదు. ఆ పనికి నాలుగు నెలలు పట్టింది. రోగి తక్కువ క్రిములు వదిలినా దొరకాలి కాబట్టి, సీసాలో ముందుగా లేత పసుపు రంగు నీళ్ళు పోసి ఉంచేవాళ్ళం. మాంసం సారం, ఉప్పు, కాస్త క్షారం కలిపిన నీళ్ళు అవి. అందులో చెంచాడు విరోచనం వేసి ఒంటి వేడిలో ఆరు గంటలుంచితే, కలరా క్రిమి మిగతావాటికంటే ముందు పెరుగుతుంది. ల్యాబ్‌లో దానికి వేడిపెట్టె ఉంది. ఉప్పెన ఊడ్చేసిన దివిసీమలో కరెంటు స్తంభాలే లేవు. అందుకే అమ్మ కుట్టిన పట్టీ, నా కడుపూ.

ఉప్పెన గాలికి మా కుందేళ్ళ షెడ్డు కూలి అన్నీ చచ్చిపోయాయి. మిగిలింది రెండు చిన్న సీసాల సీరం. దాన్ని చేపల ఐసులో పెట్టి, చుట్టూ ఊక పోసి, డాక్టరు గారు నా చేతికిచ్చి అవనిగడ్డ సహాయ శిబిరానికి పంపారు. "పరీక్ష నువ్వే చెయ్యి. ప్రతి సీసాలోదీ కొంచెం నాకు పంపు. నేనిక్కడ పాత పద్ధతిలో పెంచి చూస్తాను. రెండూ సరిపోతున్నాయో లేదో పట్టిక వేద్దాం" అన్నారు.

నేను దిగేసరికి దివిసీమలో శవాలు తీయడం అయిపోయింది. వాసన మాత్రం పోలేదు. బావుల్లో ఉప్పునీళ్ళు, వాటి మీద తెట్టు. ఎక్కడ చూసినా బ్లీచింగ్ పౌడరు బస్తాలు. పౌడరు ఎలా కలపాలో, గిన్నెలు ఎలా కడగాలో చెప్పే పని కూడా ఆడదాన్నని నాకే తగిలించారు.

నాగాయలంక వైపు సముద్రం మీద వేటకు వెళ్ళేవాళ్ళ పల్లె ఒకటుంది. అక్కడ ఒక ముసలావిడకు మిగిలింది ఆరేళ్ళ మనవరాలు ఒక్కతే. ఉప్పెన రోజు ఇద్దరూ ఎండుచేపలు అమ్ముకోవడానికి గుడివాడ వచ్చి ఉన్నారు. కొడుకూ కోడలూ ఇంట్లో ఉన్నారు. నాది గుడివాడని తెలిశాక ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "మీ ఊరే మమ్మల్ని బతికిచ్చిందమ్మా" అంది.

అదే ఆవిడను నేను మొదటి వారంలోనే పదిమందిలో కడిగిపారేశాను. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఆవిడ పాచి పట్టిన కుండలో గ్లాసు ముంచి పిల్లకు నీళ్ళివ్వడం చూసి, "ఉన్న ఒక్కదాన్నీ చంపుకుంటావా? పౌడరు నీళ్ళతో కడక్కుండా ఇంకే గిన్నే ముట్టుకోకు!" అని అరిచాను. ముసలావిడ తల వంచుకుంది. పిల్ల నానమ్మ చీర కొంగులోకి దూరింది. నాకు జాలి వేయలేదు. మాట వినేలా చెప్పాననుకున్నాను.

సంక్రాంతి దాటిన తర్వాత ఒక పొద్దున, ఆ పల్లెలోనూ, కరకట్ట వెంట రెండు మైళ్ళ అవతల ఇంకో పల్లెలోనూ వాంతులు, విరోచనాలని కబురొచ్చింది. వెళ్ళేసరికి పిల్ల గోనెపట్టా మీద పడుకుని ఉంది. కళ్ళు అప్పటికే కాస్త లోపలికి పోయాయి. మాటకు ఓపికుంది. నా నడుం వంక చూసి, "దాంట్లో ఏముందీ?" అని అడిగింది. "నీళ్ళు" అన్నాను.

పిల్లకు విరోచనం అప్పుడే అయింది, మళ్ళీ అయ్యేదాకా ఆగాలి. ముసలావిడ చేతిలో రెండు సీసాలు పెట్టి, "పిల్లకు మళ్ళీ అయినప్పుడు ఒకదాంట్లో చెంచాడు వేసి మూత పెట్టు. ఒలికిపోతే రెండోదుంది. తిరిగొచ్చేటప్పుడు తీసుకుంటా" అని చెప్పి, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పట్టించమని, రెండో పల్లెకు నడిచాను. సీసాలో ముందే ఉన్న నీళ్ళు ఏమిటో చెప్పలేదు. చెప్పడానికి ఒక్క నిమిషం పట్టేది.

తిరిగొచ్చాక ఆవిడ సీసాను రెండు చేతులతో, ప్రసాదం ఇచ్చినంత భయంగా ఇచ్చింది. మూత తీసి చూశాను. గుప్పున బ్లీచింగ్ వాసన కొట్టింది. కొట్టిందని నాకు బాగా గుర్తుంది. కానీ ఆ రోజుల్లో దివిసీమలో ఆ వాసన రానిదేముంది? బావులు అదే, బట్టలు అదే, శిబిరంలో తినే అన్నమూ అదే. మూత పెట్టి పట్టీలో దోపుకున్నాను. రెండోది అడగడం మరిచిపోయాను.

సాయంత్రం ఎండ పోకముందే శిబిరంలో, అంటే పైకప్పు లేచిపోయిన బడి వరండాలో, నల్లకాగితం మీద గాజు పలకలు పరిచాను. శిబిరం డాక్టరు చిన్నవయసు మనిషి, నిద్ర లేక కళ్ళు ఎర్రబడి, నా పక్కనే నిలబడ్డాడు. ఉన్నది ఒక్క జీపు. సెలైన్ సీసాలు ఒక్క పల్లెకు సరిపోతాయి. మిగతావి మర్నాడు సాయంత్రానికి గానీ రావు. "ఎటు పంపమంటారండీ?" అన్నాడు. అంతకుముందు నన్ను ఏ డాక్టరూ అలా అడగలేదు.

కరకట్ట అవతలి పల్లె చుక్క చూస్తుండగానే విరిగింది. ముసలావిడ మనవరాలి చుక్క విరగలేదు. ఇంకోసారి వేశాను. పలకను అటూ ఇటూ వంచాను. తేటగా, నున్నగా అలాగే ఉంది.

"అవతలిదే కలరా అండీ. ఇది మామూలు విరోచనాలే" అన్నాను.

జీపు అవతలి పల్లెకు వెళ్ళింది. అక్కడ వాళ్ళు బతికారు. ఆ మాట కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

మర్నాడు మధ్యాహ్నం ముసలావిడ పల్లె నుంచి సైకిల్ మీద ఒక మనిషి వచ్చాడు. పిల్ల తెల్లవారగానే పోయింది. పక్కింటి ముసలాయన కూడా పోయాడు. ఇంకో నలుగురు పడి ఉన్నారు. సెలైన్ వచ్చేదాకా ఆగకుండా, అవతలి పల్లెలో మిగిలినవి పట్టుకుని జీపు పరిగెత్తింది. ఆ నలుగురినీ బతికించారు.

రెండు రోజులు నేను అన్నం తినలేదు. నా సీరమే దెబ్బతిందనుకున్నాను, ఐసు తక్కువైందనుకున్నాను, పలక సరిగా చూడలేదనుకున్నాను. మూడో రోజు బందరు నుంచి డాక్టరు గారి చీటీ వచ్చింది. ఆ సీసాలోది ఆయన పళ్ళెంలో కూడా మొలవలేదట. "రెండు పరీక్షలూ సరిపోయాయి. మన పరీక్ష తప్పలేదు. పిల్లకు వచ్చింది వేరే ఏదో. ధైర్యంగా ఉండమ్మా" అని రాశారు.

సంతోషించాను. దాచడం ఎందుకు, ఆ పూట కడుపునిండా తిన్నాను.

వారం తర్వాత పౌడరు పంచడానికి ఆ పల్లెకు వెళ్ళాను. ముసలావిడ నన్ను చూసి గుడిసెలోంచి గబగబా వచ్చింది. చేతిలో నేనిచ్చిన రెండో సీసా ఉంది. తళతళలాడుతోంది.

"మీ సీసా అమ్మా. సర్కారోళ్ళ వస్తువు మాకెందుకు" అంది. "తిట్టమాక తల్లీ, సుబ్బరంగా కడిగా."

నేను సీసా అందుకుని, ఏదో ఒకటి అనాలి కాబట్టి, "ఇందులో నీళ్ళుండాలే?" అన్నాను.

"ఉన్నయ్యమ్మా, పచ్చగా, పాచినీళ్ళు. అప్పుడిచ్చిన సీసాలో గూడా అయ్యే ఉన్నయ్. నువ్వు చూస్తే మళ్ళీ కోప్పడతావని పారబోసి, పౌడరేసి తోమి, మంచినీళ్ళు పోశా. నువ్వు పోసినకాడికే పోశాలే, ఎక్కువ పొయ్యలా. పురుగు పట్టకుండా చిటికెడు పౌడరు గూడా ఏశా. ఆ తర్వాతే పిల్లది వేసిచ్చా." ఆవిడ నా మొహంలోకి చూసింది. "బానే చేశానా అమ్మా?"

పురుగు పట్టలేదు. నిజమే. ఆ సీసాలో ఏ పురుగూ బతకలేదు. నా పలక మీదా బతకలేదు, డాక్టరు గారి పళ్ళెంలోనూ బతకలేదు. పిల్ల కడుపులో మాత్రం బతికింది.

"బాగానే చేశావమ్మా" అన్నాను. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "నువ్వు తిడితే తిట్టావు గానీ మా మంచికే చెప్పావు" అంది. కరకట్ట మీద కొంతదూరం నడిచాక కూర్చుండిపోయాను. నా మీద నాకు అసహ్యం వేసింది. ఆవిడకు నిజం చెప్పనందుకు మాత్రం అప్పుడూ బాధపడలేదు, ఇప్పుడూ పడను. మిగిలిన ఒక్కదాన్నీ తన చేత్తోనే పోగొట్టుకున్నానని ఆవిడకు తెలియాల్సిన అవసరం లేదు. పైగా అది నిజం కూడా కాదు.

బందరు వెళ్ళి డాక్టరు గారికి చెప్పాను. ఆయన బల్ల మీద పట్టిక ఉంది. పల్లె పేరు, నా పరీక్ష, ఆయన పరీక్ష, చివర్న 'సరిపోయింది' అన్న గడి. పిల్ల వరుసలో ఆ గడిలో టిక్కు ఉంది. పిల్ల చనిపోయిందని రాయడానికి పట్టికలో గడి లేదు.

ఆయన స్కేలు పెట్టి ఆ వరుస మొత్తం కొట్టేశారు. ఇకమీదట ప్రతి సీసా మీదా 'కడగవద్దు, నీళ్ళు పారబోయవద్దు' అని చీటీ అంటించమన్నారు. ఆ పల్లెలో చదవడం వచ్చినవాళ్ళు ఎంతమందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. "చీటీతో సరిపెట్టకు. ప్రతిచోటా నోటితో చెప్పు. మెల్లగా చెప్పు" అన్నారు. నేను ముసలావిడను తిట్టిన సంగతి ఆయనకు చెప్పలేదు. అయినా అలా ఎందుకన్నారో.

కలం పక్కన పెట్టబోతూ ఆగి అడిగారు. "అంత పౌడరు వేస్తే వాసన రావాలే. మూత తీసినప్పుడు నీకు తెలియలేదా అమ్మా?"

కిటికీ అవతల కొత్త షెడ్డు కడుతున్నారు, కొత్త కుందేళ్ళు వస్తున్నాయి. నాకు ఆ ఉద్యోగం కావాలి, ఆ పరీక్ష కావాలి, ఆయన దగ్గర నా మంచిపేరు కావాలి.

"లేదండీ" అన్నాను.

ఆయన నా మాట నమ్మారు. కొట్టేసిన వరుస పక్కన, తన గుండ్రటి చేతిరాతతో, 'రోగి బంధువుల పొరపాటు' అని రాశారు.