కవాతు బొమ్మకు నిలబడినవాళ్లు

మా మేనమామ ఉత్తరాదిన ఒక మిలిటరీ కాలేజీలో చిత్రకారుడు. కవాతులు, గుర్రపు స్వారీలు, పతకాలిచ్చే సభలు, అక్కడ ఏం జరిగినా రంగుల్లో వేసి భోజనశాల గోడలకెక్కించడం ఆయన ఉద్యోగం. జ్వరం తిరగబెట్టి సెలవు మీద ఉద్దానంలో మా ఇంటికి వచ్చిన ఏడాదే, కాలేజీవాళ్లు ఒక ఫొటోగ్రాఫరును పిలిపించారని కబురొచ్చింది. పెద్ద కవాతు బొమ్మ ఒకటి వేసి పంపమన్నారు. అది నచ్చితే మావయ్య ఉద్యోగం నిలుస్తుంది. లేకపోతే ఆ చోటు కెమెరావాడిది.

నేను అప్పుడే ఇంజనీరింగు స్కూలు ముగించి వచ్చాను. బ్యారక్‌ల వరస, జెండా కర్ర, మైదానం అంచు, దూరంగా కొండ: వీటికి కొలతలు కట్టి గుడ్డ మీద పెన్సిలుతో గీసిచ్చాను. మనుషులు మాత్రం ఆయన వంతు. ఎదురుగా ఎవరినైనా నిలబెట్టుకుంటే తప్ప మావయ్య మనిషిని వెయ్యడు.

భావనపాడు నుంచి వల లాగేవాళ్లను పిలిపించి, తెడ్లను తుపాకుల్లా భుజాన పెట్టించాడు. మొహాలు బాగానే కుదిరాయి. నిలుపే, అంటే నిలబడే తీరే, కుదరలేదు. ఒడ్డు మీద నుంచి వల తాళ్లు లాగి లాగి అలవాటైన ఒళ్లు. మడమలు నేలలోకి దించి, నడుము వెనక్కి వాల్చేవారు. బొమ్మలో కేడెట్లందరూ సముద్రంలోంచి ఏదో లాగుతున్నట్టున్నారు.

"నిటారుగా నిలబడు, అన్నా!" అన్నాడు మావయ్య.

"నిటారుగానే ఉన్నాను గదా బాబూ. ఇంకా సక్కగా నిలబడితే ముందుకి పడిపోతాను," అన్నాడు వాళ్లలో పెద్దవాడు.

మూడో రోజు పొద్దున మావయ్య కుంచె కింద పెట్టేశాడు. "ఫొటోవోడే గెలిసినాడ్రా, అల్లుడూ."

అదే పొద్దున, టెక్కలి సంతకు పోతూ వాళ్ల ఆడవాళ్లు చేపల గంపలతో మా వాకిట్లో ఆగారు, మొగుళ్ల వేషాలు చూసి నవ్వుకోవడానికి. నెత్తిన బరువు. చేతులు ఊరికే వేలాడుతున్నాయి. మెడ నుంచి మడమ దాకా ఒకటే గీత, తాపీమేస్త్రీ గుండుదారం వేలాడదీసినట్టు.

మావయ్య గభాలున లేచాడు. "అమ్మా, అలగే ఉండండి! గంపలు దించకండి!"

"ఏటి బాబూ, మమ్మల్ని సిపాయిల్ని సేసెత్తారేటి?" అంది పెద్దవాడి పెళ్లాం. "మీసాలు మాత్రం మా ఆయనవే ఎట్టండి. పాపం, మూణ్ణాళ్లు నిలబడ్డాడు."

అలాగే వేశాడు. మొహాలు మగవాళ్లవి, వెన్నులు ఆడవాళ్లవి. సంతకు పోయే ప్రతి పొద్దునా వాళ్లు కాసేపు ఆగేవారు, మావయ్య గబగబా గీసుకునేవాడు. ఎండు చేపల వాసనా రంగుల నూనె వాసనా కలిసిన మా అరుగు ఇప్పటికీ నాకు ఇష్టమైన జ్ఞాపకం.

బొమ్మను పలాసలో రైలుకెక్కించాం. కొన్నాళ్లకు కాలేజీ నుంచి పిలుపొచ్చింది. నిలుపు చాలా బాగుందట, వెంటనే వచ్చి పనిలో చేరమన్నారట.

మావయ్య సంగతి చెబితే పెద్దవాడి పెళ్లాం అడిగింది: "మరి సేపలోళ్లని నిలబెట్టినానని దొరలకి సెప్పినారా?"

"లేదమ్మా."

"సెప్పకండి బాబూ. రేపట్నించి ఆ కవాతు పిల్లల నెత్తికి గంపలెత్తుతారు."

మావయ్య నవ్వుతూనే రైలెక్కాడు.