కాపలా లేని మజిలీ

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. రెండే రెండు మాటల అబద్ధం. "ఒకటి పడిందండీ." అంతే. మీరు నవ్వినా నవ్వుతారు, ఎందుకంటే అది ఆటలో ఆడిన అబద్ధం. నేనూ చాలాకాలం నవ్వేసే ప్రయత్నం చేశాను. కుదరలేదు.

తాడేపల్లిగూడెంలో మా జిరాక్స్ షాపు మీది గదిలో ఆదివారం మధ్యాహ్నాలు నలుగురం ఆడేవాళ్లం. కాగితాలు, పెన్సిళ్లు, పాచికలు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు ఆ కథలో మనుషులై తిరుగుతారు. నడిపేవాణ్ణి నేను. కోటలూ రాజ్యాలూ నాకు చేతకాక, మన కొల్లేరునే పటంగా గీసి వేరే పేరు పెట్టాను. వాళ్లు ఒక తాత నడిపే దోణెలో ప్రయాణం చేయాలి; ఆ తాత మాటలూ నావే. పొద్దుగూకితే ఏదో ఒక లంక మీద మజిలీ చేయాలి. పడుకున్నవాళ్లకు బలం తిరిగి వస్తుంది, కాపలా కూర్చున్నవాళ్లకు రాదు. ప్రతి మజిలీకీ స్వీట్ల పెట్టె మూత చాటున నేనొక పాచిక వేస్తాను. ఒకటి పడితే ఆపద. ఇంకేం పడినా సుఖంగా తెల్లారిపోతుంది. మూత వెనక ఏం పడిందో నేను చెప్పిందే నిజం.

సునంద గారు పెంటపాడులో టీచరు. పేరు మార్చాను. వాళ్లమ్మగారు పక్షవాతంతో రెండేళ్లుగా మంచంలో ఉన్నారు. ఆదివారం వాళ్ల పిన్నిగారు వచ్చి తల్లి దగ్గర కూర్చుంటే, ఆ మూడు గంటలూ ఆవిడ మా దగ్గరికి వచ్చేవారు. ఆటలో ఆవిడ వైద్యురాలు. ప్రతి మజిలీలోనూ మిగతా ఇద్దర్నీ పడుకోమని, తానే కాపలా కూర్చునేవారు. ఇంట్లో చేసే పనే ఇక్కడా చేస్తారేమిటండీ అని ఏడిపించేవాళ్లం.

ఆ ఆదివారం ఐదో మజిలీ. ఆవిడ కాగితం మీద బలం రెండుకు దిగిపోయింది. మిగతా ఇద్దరికీ గాయాలే. మొహమాటపడుతూ అడిగారు.

"ఈ ఒక్క రాత్రికీ నేనూ పడుకుంటానండీ. ఏం కాదు కదా?"

"పాచిక చెప్పాలండీ," అన్నాను.

వేశాను. నాలుగు పడింది.

తెల్లారిందని చెప్పాలి. కానీ వారం రోజులు కూర్చుని కిక్కిస గడ్డిలో దాక్కునే ఒక మృగాన్ని తయారుచేసుకున్నాను నేను. నాలుగు మజిలీలుగా పాచిక దాన్ని బయటికి రానివ్వలేదు. మర్నాటికి వాళ్లు గట్టు ఎక్కేస్తారు. అంత పనితనం ఎవరూ చూడకుండానే పోతుందే అని కడుపుమంట. ఆవిడ ముఖంలో అలసట చూస్తూనే అన్నాను, "ఒకటి పడిందండీ."

మృగం వచ్చి, దోణె నడిపే తాతను లాక్కుపోయింది. చుట్ట కాలుస్తూ పిట్టల పేర్లు చెప్పే ఆ తాతంటే ముగ్గురికీ ప్రాణం. మిగతా ఇద్దరూ ఆట అదిరిపోయిందన్నారు. నేను పొంగిపోయాను. సునంద గారు పెన్సిలు కింద పెట్టి, "నేను పడుకోకుండా ఉండాల్సిందండీ," అన్నారు.

నాలుగు నెలలకు వాళ్లమ్మగారు పోయారు. సునంద గారు మధ్యాహ్నం ఆవిడకు అన్నం తినిపించి, మంచం పక్కనే కుర్చీలో అరగంట కునుకు తీశారట. లేచేసరికి అయిపోయింది. పలకరించడానికి వెళితే, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా అన్నారు.

"మీ ఆటలోనే తెలిసిందండీ నాకు. నేను నిద్రపోతే ఏదో ఒకటి వస్తుంది."

అప్పుడు చెప్పాలి. నాలుక చివరిదాకా వచ్చింది. చావింట్లో పాచికల గోలేమిటని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అదేనా కారణం? కాదు. ఆవిడ దగ్గర చులకనైపోతానని భయం. "అలా అనుకోకండి," అని గొణిగి వచ్చేశాను.

ఆ తర్వాత ఆట సాగలేదు. ఆవిడ ఇప్పటికీ సరిగా పడుకోరని, కాపలా కాయాల్సిన తల్లి ఇప్పుడు లేకపోయినా ఆ కుర్చీలోనే కూర్చుంటారని పిన్నిగారు చెప్పారు. పోయిన నెల ఏలూరు బస్సులో కనిపించారు. ముందు సీట్లో తల వాలిపోతోంది. ఉలిక్కిపడి లేచి, చుట్టూ చూసుకుంటున్నారు. మళ్లీ వాలిపోతోంది. నాకు ఏడుపొచ్చింది. పలకరించలేదు. ఏలూరుకు టికెట్టు ఉండి కూడా భీమడోలులో దిగిపోయాను.

నేను నిజం చెప్పి ఉంటే ఆవిడకు నిద్ర పట్టేదా? ఏమో. తల్లి పోయిన బాధ నా వల్ల వచ్చింది కాదు, నా వల్ల తీరేదీ కాదు. కానీ ఆవిడ నిద్రలోకి ఆ మృగాన్ని వదిలింది మాత్రం నేనే. ఒక్క మాటతో వెనక్కి పిలవగలిగి కూడా పిలవలేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించాల్సింది మీరు కాదు. రేపే వెళ్లి చెబుతానని మాట ఇవ్వను, నా సంగతి నాకు తెలుసు. ఆ మూత వెనక చూసింది ఇన్నాళ్లూ నేనొక్కణ్ణే. ఇప్పుడు మీరూ చూశారు. గుండె కాస్త తేలికపడింది, అందుకూ సిగ్గుగానే ఉంది.

నాలుగు పడింది సునంద గారూ. ఆ రాత్రి ఏమీ రాలేదు. మీరు పడుకోవచ్చు.