ఎనిమిది అంకెల సవతి

పక్క క్వార్టర్‌లోకి లెక్కల టీచరమ్మ వచ్చినప్పటి నుంచి మా ఆయన కూరలో ఉప్పు ఎక్కువైనా మాట్లాడటం లేదు. అంతకుముందు మాట్లాడేవాడు.

ఆయనది లాల్‌పేట్ గని రైలు సైడింగులో ఉద్యోగం, గూడ్సు బండి డబ్బాల్లో బొగ్గు నింపించి పంపడం. చదివింది మరాఠీ బడిలో. అందుకే మా ఇంట్లో మాటలు తెలుగు, లెక్కలు మరాఠీ. నేను మంచిర్యాల నుంచి వచ్చినదాన్ని. ఆయన మరాఠీలో ఎక్కాలు చదువుతుంటే ఇన్నేళ్లయినా నాకు ఒక్క ముక్క ఎక్కదు. టీచరమ్మకు ఎక్కుతుంది. అక్కడే నాకు ఒళ్లు మండేది.

వాళ్లిద్దరూ ప్రహరీ గోడకు చెరో పక్కన నిలబడి నెల రోజులుగా ఒకే సంఖ్య గురించి మాట్లాడుకుంటున్నారు: 73939133. అందులో అంత ఏముందని ఒకరోజు అన్నం పెడుతూ అడిగాను. దాన్ని ఒకటితోనూ, దానితోనూ తప్ప దేనితోనూ శేషం లేకుండా భాగించలేమట.

“ఒక్కొక్క అంకెను డబ్బా తీరుగ ఇప్పుకుంట పోయినా మిగిలింది గట్లనే ఉంటది. ఏడు ఒక్కటి మిగిలేదాక ఏడ ఇరగదు. గిసొంటి వాటిల దీనికన్న పెద్దది లేదు,” అన్నాడు.

ఆ చెప్పేటప్పుడు ముఖం చూడాలి. పెళ్లిచూపుల్లో నన్ను చూసినప్పుడు కూడా అంత వెలగలేదు. నాకు కుళ్లు పుట్టింది. దాన్ని ఎలాగైనా విరగ్గొట్టాలనిపించింది.

మర్నాడు ఆయన డ్యూటీకి పోగానే కూర్చున్నాను. సైడింగులో ముందుగా విడిపోయేది ఇంజనే, మా కిటికీలోంచి రోజూ చూసేదే. అందుకని ముందు నుంచి ఒక్కో అంకె తీసుకుంటూ పోయాను. చివరికి ముప్పై మూడు మిగిలింది. మూడు పదకొండ్లు. విరిగింది. ఆ పూట వంట కూడా హుషారుగా చేశాను.

ఆయన రాగానే మీ టీచరమ్మ లెక్క తప్పిందని చెప్పాను. నా కాగితం చూసి నవ్వాడు.

“ఇంజను దిక్కునుంచి ఇప్పినవ్. ఎనుక డబ్బా నుంచి ఇప్పాలె.”

ఓడిపోయినా బాధ కలగలేదు. పక్కన కూర్చుని చివరి మూడు తీసి, తర్వాత ఇంకో మూడు తీసి, ప్రతిసారీ ఎందుకు విరగదో నాకు తెలుగులోనే చెప్పాడు. చాయ్ చల్లారిపోయినా లేవలేదు. నాకు కావలసింది అదే, ఆ వెలిగే ముఖం ముందు నేను కూర్చోవడం.

అంతలో ఆయన ఆగి, నా కాగితం మళ్లీ తీసుకున్నాడు.

“ముందటి నుంచి ఇప్పినా ఇరగనిది ఉంటదా? మంచిగ అడిగినవ్ నువ్వు.”

నేను అడగనే లేదు. వద్దనేలోపే కాగితం పట్టుకుని గోడ దగ్గరికి పోయాడు. చాలాసేపటికి తిరిగొచ్చాడు, ముఖం పెట్రోమాక్స్ లైటులా ఉంది. ఉందట. అలాంటి వాటిలో అన్నిటికన్నా పెద్దదానికి ఇరవై నాలుగు అంకెలట.

ఎనిమిది అంకెలకే వాళ్లకు నెల పట్టింది. ఈ ఇరవై నాలుగు అంకెలదాన్ని వాళ్ల చేతికి నేనే అందించాను.